రవిక కత్తిరింపులో కోణముల లెక్క

ఒకే చీరను ఇంటిలోని తల్లియు, కూతురును, కోడలును కట్టుకొనవచ్చును. ఎక్కువైన గుడ్డ కుచ్చెళ్ళలోనికి పోవును. రవిక సంగతి అట్లు కాదు. అది ఒంటిని అంటియుండవలెను గనుక ఒకరి రవిక మరియొకరికి సరిపోవుట అరుదు. అందువలన ఇంటిలో కుట్టుకొనువారు ఒక కాగితపు నమూనాను సంపాదించి, దానిని తమ కొలతలకు తగినట్లు మార్చుకొందురు. ఇచ్చటనే చాలమంది పొరబడుదురు. ఛాతీ వద్ద బిగువుగా నున్నదని ప్రక్క కుట్ల వద్ద గుడ్డను పెంచుదురు. అప్పుడు నడుమును, చంకలును వదులగును. ఛాతీ వద్ద ముడుతలు మాత్రము పోవు. గుడ్డ వృథా యగును. ఇది చేతి నేర్పు లేక జరిగిన తప్పు కాదు. ఒక చిన్న రేఖాగణిత సూత్రము తెలియక జరిగినది.

కిరాణాకొట్టులో శనగలకు పొట్లము చుట్టుట చూచియుందురు. చదునైన కాగితము సులభముగా శంకువు ఆకారమును పొందును. కాని అదే కాగితమును ఒక బంతికి తొడిగి చూడుడు. ఎంత జాగ్రత్తగా అద్దినను ముడుతలు పడితీరును. చదునైన తలమును సాగదీయక, చింపక, ఎన్ని విధముల వంచినను అది గోళతలము కాజాలదు. జర్మను గణితవేత్త గౌస్ 1827లో నిరూపించిన సిద్ధాంతమునుండి ఈ విషయము తేలును. మానవ శరీరము గొట్టము వంటిది కాదు. అచ్చటచ్చట ఉబ్బెత్తుగా నుండును. చదునైన గుడ్డ దానికి అమరవలెనన్న, అదనపు గుడ్డను ముక్కోణపు మడతగా పట్టి కుట్టవలెను. ఈ మడతయే డార్టు. మన దర్జీలు దీనిని టక్కు అనియు అందురు. దాని మొన ఉబ్బెత్తులోని ఎత్తైన చోటికి చూపుచుండవలెను. ఆ చోటును శిఖరము అందము.

డార్టు స్వభావము తెలియుటకు ఒక ప్రయోగము చేయుడు. 6 అంగుళముల వ్యాసార్ధముతో గుండ్రని కాగితమును కత్తిరింపుడు. అంచునుండి కేంద్రము వరకు ఒక కోత కోసి, కోత అంచులను ఒకదానిపై నొకటి ఎక్కించి, కాగితపు అంచు వద్ద ఒకటిన్నర అంగుళము కప్పబడునట్లు అతికింపుడు. కాగితము గొడుగువలె లేచును. ఇప్పుడు వేరొక వైపునుండి కేంద్రము వరకు మరల కోసి, కాగితమును బల్లపై చదునుగా పరచుడు. క్రొత్త కోత దానంతట అదియే ఒకటిన్నర అంగుళము తెరచుకొనును! మొదట మూసిన కోణమే మరియొక చోట బయటపడినది. డార్టును కదల్చుట యనగా ఇంతే. శిఖరము చుట్టును దానిని ఎచ్చటికైనను త్రిప్పవచ్చును. కోణము మాత్రము మారదు.

కోణము మారకున్నను, డార్టు నోటి వెడల్పు మారును. రవిక క్రింది అంచునుండి శిఖరమునకు 4 అంగుళముల దూరమున్నదనుకొందము. అచ్చటి డార్టు నోరు 1 అంగుళమైన, దాని కోణము సుమారు 14 డిగ్రీలు. ఆ డార్టును భుజమునకు మార్చగోరితిమి. భుజమునుండి శిఖరమునకు 10 అంగుళములు. అప్పుడు నోరు రెండున్నర అంగుళములు కావలెను. 1 అంగుళమే ఉంచినచో కోణము 6 డిగ్రీలకు తగ్గి, ఛాతీ వద్ద బిగువు ఏర్పడును. కోణమును రెండుగా పంచి, సగము క్రిందను, సగము భుజము వద్దను ఉంచవచ్చును. అప్పుడు నోళ్ళు అర అంగుళము, ఒకటింబావు అంగుళము అగును.

ఇక మొదటి తప్పునకు వత్తము. ఛాతీ నిండుగా నున్నవారికి పెరుగవలసినది ప్రక్క వెడల్పు కాదు, డార్టు కోణము. నమూనాను క్రింది అంచునుండి శిఖరము వరకును, అచ్చటినుండి చంకగుంట వరకును కోయుడు. చంక అంచు వద్ద రవంత అంటియుండనిండు. ప్రక్క కుట్టునుండి శిఖరము వరకు మరియొక కోత కోయుడు. ముక్కలను కావలసినంత ఎడముగా జరుపగా, డార్టులకు చోటు దానంతట ఏర్పడును. భుజము కొలతయు, చంకగుంట కొలతయు మారవు.

కుట్టునప్పుడు డార్టును శిఖరము వరకు పోనీయక, సుమారు 1 అంగుళము ముందుగనే ముగింపవలెను. లేనిచో గుడ్డ సూదిమొనవలె పొడుచుకొని వచ్చును. డార్టును మూసి మడచిన పిదపనే నమూనా అంచును సరిచేసి కత్తిరింపవలెను.

గుడ్డ పూర్తిగా కాగితము వంటిది కాదు. పడుగు, పేక నూళ్ళు పొడవున సాగకున్నను, వాని నడుమ కోణము మారును. రష్యా గణితవేత్త చెబిషెవ్ 1878లో పారిస్ నగరమున దుస్తుల కత్తిరింపుపై ఉపన్యసించుచు ఈ గుణమునే ఆధారముగా గైకొనెను. గుడ్డను ఏటవాలుగా వేసి కత్తిరించిన క్రాసు రవిక ఒంటికి చక్కగా అమరుటకు ఇదియే కారణము. అల్లిక బనియను డార్టులు లేకయే సరిపోవుటకు కారణము అది అన్ని వైపులకు సాగుటయే. సాగని గుడ్డకు మాత్రము కోణము లెక్క తప్పదు. కావున కత్తెర గుడ్డను తాకకమునుపే ఆ లెక్కను పాత వార్తాపత్రికపై సరిచూచుకొనుడు. కాగితముపై చేసిన తప్పునకు ఖర్చు లేదు.