మన నాటుకోడి ముత్తవ్వది ఏ ఊరు?

సూళ్లూరుపేట చుట్టుపక్కల పల్లెల్లో వరికోతలయ్యాక కయ్యల్లో గింజలు ఏరుకునే నాటుకోళ్లను చూశారు కదా! వాటి పూర్వీకులు ఎక్కడివాళ్లో ఎలా తెలుస్తుంది? కోడిని అడిగితే చెప్పదు. దాని రక్తం చెబుతుంది.

ప్రతి ప్రాణి ఒంట్లో తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఒక రాత ఉంటుంది. అదే డీఎన్ఏ. అవ్వ రాసిన ఆవకాయ కొలతల కాగితాన్ని ఒక కూతురు చూసి రాసుకుంటూ ఒక అక్షరం తప్పు రాసిందనుకోండి. ఆమె కాగితం చూసి రాసుకున్న పిల్లలందరికీ ఆ తప్పే వస్తుంది. ఒకే తప్పున్న కాగితాలు ఒకే ఇంటివని పట్టేయొచ్చు.

శాస్త్రవేత్తలూ ఇలాగే 863 కోళ్ల, అడవికోళ్ల రాతలు పోల్చారు. నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ అడవుల్లోని ఎర్ర అడవికోడే పెంపుడుకోళ్లకు అసలు ముత్తవ్వ అని 2020లో తేల్చారు. వరి, చిరుధాన్యాల పొలాలే దాన్ని మనుషుల దగ్గరికి రప్పించాయని కొందరు పరిశోధకులంటారు. కోడి తిండియావ తెలిసినవాళ్లెవరూ కాదనరు!

తర్వాత మనుషులు ఎటు వెళితే కోళ్లూ అటు వెళ్లాయి. దారిలో వేరే అడవికోళ్లతో కలిశాయి. కోళ్ల చర్మానికి పసుపురంగునిచ్చే జన్యువు ఎర్రదాని నుంచి కాక, బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో బయటపడింది. ఆ పక్షి మన శేషాచలం అడవుల్లోనూ ఉంది.

మీ వీధిలో కోడి కనబడితే కాళ్లు చూడండి. పసుపుపచ్చగా ఉంటే దాని వంశంలో బూడిదరంగు అడవికోడి కూడా ఉన్నట్టే.