నీరు నిలవాలి, దారి సాగాలి

ఉత్తరాంధ్రకు విమానాశ్రయం వస్తోంది, రేవు వస్తోంది, కొత్త రహదారులు వస్తున్నాయి. వాటి వెనకే జనమూ వస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నీటి ఎద్దడికీ, వీధుల్లో రద్దీకీ మందు ఇప్పుడే వేయాలి. ఊళ్లు పెరిగాక చూద్దామంటే మందు వేయడానికి చోటు కూడా మిగలదు.

ఆగస్టులో నాగావళి ఒడ్డున నిలబడిన మనిషికి ఈ జిల్లాల్లో నీటి కరవు ఉందంటే నమ్మబుద్ధి కాదు. పైన ఒడిశా కొండల్లో గట్టి వాన పడిందంటే చాలు, శ్రీకాకుళం వంతెనల కింద ఎర్రనీరు ఒడ్డులు ఒరుసుకుంటూ పోతుంది. అదే నది ఏప్రిల్‌లో ఇసుక దిబ్బలై మిగులుతుంది. ఏటి పక్క పల్లెల్లో ఆడవాళ్లు ఆ ఇసుకలో మోచేతి లోతున చెలమ తవ్వుతారు. మొదట ఊరిన బురదనీరు తోడి పారబోస్తారు. తేట నీరు ఊరేదాకా కాచుకుని, చిప్పతో కొంచెం కొంచెంగా ముంచి బిందె నింపుకుంటారు.

అదే పల్లె నుంచి బస్సెక్కి పట్టణానికి వస్తే రెండో కష్టం మొదలవుతుంది. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఏడు రోడ్ల కూడలి దాకా, విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మయూరి జంక్షన్, గంటస్తంభం దాకా పొద్దున ఆఫీసుల వేళా, సాయంత్రం బజారు వేళా బండి కదలదు.

ఈ రెండు బాధల మూలం ఒక్కటే. ఏడాది వానలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లో కురిసి ఒక్క ఉరుకున సముద్రంలోకి పోతోంది. దాన్ని మధ్యలో పట్టి ఆపే చోట్లు తగ్గిపోతున్నాయి. జిల్లా జనమంతా పనుల కోసం పొద్దున్నే ఒకే వీధిలోకి వచ్చి పడుతున్నారు. వాళ్ల పని ఊరి దగ్గరే తీర్చి పంపే చోట్లు పెరగడం లేదు. వాననైనా, జనాన్నయినా ఎగువనే ఆపుకుని నలుదిక్కులా పంచుకోవడం నేర్వాలి.

సగం నీళ్లు, అరవై ఏళ్ల ఎదురుచూపు

ఈ రెండు జిల్లాల్లో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది. అనంతపురంలో కురిసేదానికి ఇది దాదాపు రెట్టింపు. అయినా ఎద్దడి తప్పడం లేదంటే కారణం నేల వాలులో ఉంది. గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి కడలిలో కలుస్తుంది. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, ఒక్కొక్కటి సుమారు 250 కిలోమీటర్లలోనే ప్రయాణం ముగిస్తాయి. కొండ మీద పడ్డ చినుకుకు సముద్రం ఎంతో దూరం కాదు. ఆపినవాడిదే నీరు.

ఆపడంలోనే మనం వెనకబడ్డాం. వంశధార నీటిని చెరిసగం పంచుకోవాలని ఆంధ్రప్రదేశ్, ఒడిశాలు 1962లోనే ఒప్పుకున్నాయి. నేరడి దగ్గర బ్యారేజీ కట్టడానికి ఒడిశా వైపు కావలసింది 106 ఎకరాలు. దాని మీద పేచీ ముదిరి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017 సెప్టెంబరులో తుది తీర్పు వచ్చింది. 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు. బ్యారేజీ మాత్రం లేవలేదు. ఆ 106 ఎకరాల కోసం ఒక తరం రైతులు ముసలివాళ్లయిపోయారు.

ఆపితే ఏమవుతుందో ఉద్దానం చూపించింది. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడితోటల నడుమ పల్లెల్లో ఎందరి మూత్రపిండాలో పాడయ్యాయి. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు. కానీ జనం అడిగింది ఒక్కటే, బోరు నీటికి బదులు ఏటి నీరు. వంశధార నీరు నిలిపే 19 టీఎంసీల హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి గొట్టపు మార్గాలు వేసి, 700 కోట్ల రూపాయల పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఆ జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లాయి. ఉద్దానంలో కుళాయి తిప్పిన ప్రతిసారీ ఆ నిర్వాసితుల రుణం గుర్తు చేసుకోవాలి. వాళ్లకు రావలసింది పైసాతో సహా అందించడం ఈ రాష్ట్రం మొదటి బాధ్యత.

పట్టణాల దాహం తీర్చేది ఏటి ఇసుకే. నాగావళి ఊటబావుల నీరు శ్రీకాకుళానికి, నెల్లిమర్ల, రామతీర్థం దగ్గర చంపావతి నీరు విజయనగరానికి వెళ్తున్నాయి. ఇసుక రేణువుల సందుల్లో వాననీరు నెలల తరబడి దాగి ఉంటుంది, ఎండ దాన్ని తాగలేదు. ఆ ఇసుకను యంత్రాలు పెట్టి అడుగంటా తోడేస్తే వేసవిలో బావులకు ఊట ఉండదు. అప్పుడు ట్యాంకర్ల వెంట పరుగులు తీయాల్సిందే. తాగునీటి బావుల చుట్టుపక్కల ఇసుక ముట్టుకోకూడదన్న నిబంధనను కాపాడటమంటే పట్టణాన్ని కాపాడటమే.

గెడ్డ దారిలో రోడ్డు వేస్తే

ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటాం. కొండ నుంచి చెరువుకు, ఆ చెరువు అలుగు నుంచి కింది చెరువుకు, అక్కడి నుంచి ఏటికి నీటిని మోసుకెళ్లేది గెడ్డే. ఎగువ చెరువు నిండితేనే దిగువ చెరువుకు నీరు. మధ్యలో ఒక్క గెడ్డను లేఅవుటు మింగిందంటే ఎగువ ఊరు మునుగుతుంది, దిగువ ఊరు ఎండుతుంది. పూడికతీతకు ఏటా ఎంత ఖర్చు పెట్టినా నీరు వచ్చే దారి మూసుకుపోయిన చెరువు నిండదు. విజయనగరం నడిబొడ్డునున్న పెద్దచెరువు, అయ్యకోనేరుల్లోకి వాననీటి కంటే మురుగు ఎక్కువ చేరుతోందంటే, ఊరు తన నీటి దారులను ఎంతగా మరిచిపోయిందో అర్థమవుతుంది.

ఈ మరుపు ఖరీదు చెన్నై చెల్లించింది. పల్లికరణై చిత్తడి నేలను పూడ్చి కొత్త కాలనీలు, సాఫ్ట్‌వేర్ కారిడార్ పెంచారు. 2015లో అవే వీధులు మునిగాయి. 2019 వేసవిలో జలాశయాలు ఎండి జోలార్‌పేట నుంచి రైలులో నీళ్లు తెచ్చుకున్నారు. 2024లో బెంగళూరు బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం బారులు తీరారు. ఆ నగరాల్లో భవనాలు కట్టడానికి వలసపోయినవాళ్లలో మన శ్రీకాకుళం కూలీలు ఎందరో ఉన్నారు. ఆ కష్టం వాళ్లు చూసే వచ్చారు.

మన దగ్గర ఒక ఊరు ముందే మేలుకుంది. సోంపేటలో బీల అనే చిత్తడి నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు ఎదురు నిలిచారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. బీల మిగిలింది. నీరు నిలిచే చోటును కాపాడుకోవడానికి పౌరులు ప్రాణం పెట్టాల్సిన పరిస్థితి మళ్లీ రాకూడదు.

రాబోయే పరీక్ష భోగాపురంలో ఉంది. గోస్తనీ కడలిలో కలిసే భీమిలికీ, చంపావతి కలిసే కోనాడకూ మధ్యనున్న ఆ నేల మీద విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. విమానాశ్రయం చుట్టూ హోటళ్లు, గోదాములు, కాలనీలు వస్తాయి. వాటన్నిటికీ నీళ్లు కావాలి. ఇదే గోస్తనీ మీది తాటిపూడి జలాశయం నీరు ఇప్పటికే విశాఖకు వెళ్తోంది. కొత్త ఊరికి ఏ నీరు ఇస్తాం, ఎవరి వాటా నుంచి ఇస్తాం అన్నది ముందే తేల్చి రాసిపెట్టాలి.

పండగ నాడు చేతనైన పని

ట్రాఫిక్ అనగానే రోడ్డు వెడల్పు చేయాలంటాం. గంటస్తంభం దగ్గర కాసేపు నిలబడి చూడండి. రోడ్డుకు రెండు పక్కలా ఒక వరస మోటారు సైకిళ్లు, వాటి పక్కన తోపుడుబళ్లు, మూలమలుపులో సవారీల కోసం ఆగిన ఆటోలు. ఇవన్నీ పోను మిగిలేది ఒక బస్సు పట్టేంత దారి. ఇంకో పది అడుగులు పెంచితే ఇంకో వరస బళ్లు వచ్చి చేరతాయి.

విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరం వచ్చినవాళ్లకు ఇంకో దృశ్యం తెలుసు. పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా తిరుగుతుంటే అవే వీధులు లక్షల మందిని మోస్తాయి. ఆ రోజు వాహనాలను ఊరి బయటే ఆపుతారు, బస్సులను దారి మళ్లిస్తారు, ఎవరు ఎటు నడవాలో ముందే చెబుతారు. రథసప్తమికి అరసవల్లిలోనూ అంతే. పండగ నాడు చేతనైన పని మామూలు రోజుల్లో కొంతైనా చేయవచ్చు. ఊరి నాలుగు అంచుల్లో బళ్లు నిలిపే మైదానాలు, అక్కడి నుంచి లోపలికి చిన్న బస్సులు, బజారు వీధుల్లో కొన్ని గంటలు నడకకే వదలడం. వీటికి కావలసింది పోలీసు, మున్సిపాలిటీ, ఆర్టీసీ ఒక్కచోట కూర్చోవడం.

యాభై మంది ఎక్కిన ఒక్క బస్సు పన్నెండు ఆటోల పని చేస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. దానికి తగ్గట్టు బస్సులూ పెరగాలి. శ్రీకాకుళానికి రైలు స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఆ దారిలో ప్రతి రైలు వేళకూ బస్సు ఉండాలి. పలాస నుంచి విశాఖ దాకా పొద్దున, సాయంత్రం లోకల్ రైళ్లు పెంచితే జాతీయ రహదారి మీద కార్లు తగ్గుతాయి. ఒక్క సంతకం కోసం మందస రైతు కలెక్టరేటు దాకా రావలసిన అవసరం తీసేస్తే, ఏడు రోడ్ల కూడలిలో ఆ మేరకు రద్దీ తీసేసినట్టే.

ముందు ఏది, తర్వాత ఏది

చెరువులనూ వాగులనూ కాపాడాలని చెప్పే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. కొరవడింది వరస. ముందు నీటి పటం గీయాలి, దాని మీద రోడ్లు గీయాలి, ఆ తర్వాతే లేఅవుట్లకు అనుమతి ఇవ్వాలి. తారకరామ తీర్థసాగరం జలాశయం వంటి సగంలో ఉన్న పనులు పూర్తయ్యాకే కొత్త శిలాఫలకాలు వేయాలి. గోదావరి నీటిని ఇక్కడికి తెచ్చే ఉత్తరాంధ్ర సుజల స్రవంతి ఎప్పటికి వచ్చినా, అప్పటిదాకా మన కప్పు మీద పడే నీటిని మనమే పట్టుకోవాలి. 120 గజాల డాబా మీద ఏటా సుమారు లక్ష లీటర్ల వాన కురుస్తుంది. ఇంకుడుగుంత లేని ఇంటికి ప్లాను మంజూరు చేయకూడదు, గుంత తవ్వారో లేదో వెళ్లి చూడాలి.

భోగాపురం చుట్టూ ఇప్పటికే లేఅవుట్లు వెలిశాయి. మిగిలిన నేలలోనైనా ప్లాట్ల రాళ్ల కంటే ముందు గెడ్డల సరిహద్దు రాళ్లు పడాలి. ప్రతి గెడ్డ వెడల్పూ గ్రామసభలో చదివి వినిపించి, పంచాయతీ గోడ మీద రాయాలి. ఆ పనికి వేల కోట్లు అక్కర్లేదు, ట్రిబ్యునల్ తీర్పూ అక్కర్లేదు. సర్వేయరు, సర్పంచి, తహసీల్దారు కలిసి ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు.