చక్రాల యింట్లో చిల్లు

నయాగరా చూద్దామని ముస్తాబవుతున్నవాళ్ళకి జలపాతం మంచం కిందే కనిపిస్తే యెలా వుంటుంది? నిరుడు వేసవిలో మా సంగతి అచ్చంగా అలాగే అయింది.

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో వుంటున్న మావాడు ఒక పాత ట్రెయిలరు కొన్నాడు. ట్రెయిలరంటే కారు వెనక తగిలించుకుపోయే చక్రాల యిల్లు. వంటగది, మంచాలు, స్నానాలగది, వేడినీళ్ళ హీటరు అన్నీ అందులోనే. 1989లో తయారైంది. "చవగ్గా వచ్చింది నాన్నా!" అన్నాడు. చవగ్గా వచ్చినవాటి సంగతి మనకు తెలియందేముంది?

ప్రయాణం యింకా పదిహేను రోజులుందనగా మా ఆవిడ పక్క సర్దుతూ, "ఇదేమిటండీ, యిక్కడ నేల మెత్తగా దిగుతోంది?" అంది. మంచం కింద బల్ల యెత్తి చూస్తే ప్లైవుడ్డు నాని నల్లబడింది. "వద్దు, అమ్మేస్తాను" అన్నాడు మావాడు. మనవడి మొహం చిన్నబోయింది. ముప్ఫయ్యేళ్ళు సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి కదా, వారం రోజులు గడువడిగాను.

మొదటి ప్రశ్న: అది వాన నీరా, పైపు నీరా? టాంకీ, పైపులు ఖాళీ చేసి, తడి తుడిచి, మంచం కింద కాగితాలు పరిచాం. రెండు రోజులు వాన కురిసింది. కాగితాలు తడవలేదు. కనుక కప్పు నిర్దోషి.

తరవాత టాంకీ నింపి, బాటరీ పంపు వేశాం. కుళాయిలన్నీ కట్టేస్తే పైపుల్లో వొత్తిడి పెరిగి, పంపు దానంతటదే ఆగిపోవాలి. ఆగింది. మనవడు గడియారం పట్టుకుని కూర్చున్నాడు. ఆరు నిమిషాలకు పంపు మళ్ళీ గుర్రుమంది! ఎవరూ వాడకుండానే నీళ్ళు యెక్కడికో పోతున్నాయన్నమాట.

ఎక్కడికి? నీరు కారినచోటే నిలవదు. పైపు వెంట, దూలం వెంట పాకి యెక్కడో తేలుతుంది. అందుకని ప్రతి జాయింటునూ తుడిచి, తెల్లటి పల్చని కాగితం చుట్టాం. మంచం దగ్గర కాగితాలన్నీ పొడిగానే వున్నాయి. ఆరడుగుల అవతల, హీటరు వెనక వున్న ఎల్బో కాగితం మాత్రం తడిసింది. దొంగ దొరికాడు!

ఆ బూడిదరంగు పైపును పాలీబ్యూటిలీన్ అంటారు. 1970ల చివరినుంచి 1990ల నడిమిదాకా ఆ దేశంలో యిళ్ళకూ, ట్రెయిలర్లకూ విరివిగా వేశారు. నీళ్ళలోని క్లోరిన్‌కు అది క్రమంగా పెళుసెక్కుతుంది. దానికి తోడు చలికాలం. నీరు గడ్డకడితే దాదాపు నూటికి 9 వంతులు వుబ్బుతుంది. పైపులో మిగిలిన కాసిని నీళ్ళే ఎల్బోను చీల్చివుంటాయి.

హీటరు ఆపి, చల్లారనిచ్చి, వొత్తిడి వదిలి, పాడైన ముక్క కోసేశాం. కొత్తగా పెక్స్ పైపు వేసి, పాత కొత్త పైపులు రెండింటికీ కుదిరే ప్రత్యేకమైన జాయింటు పెట్టి, రాగి వుంగరాలు బిగించాం. పంపు వేశాం. అరగంట నిశ్శబ్దం. మళ్ళీ గుర్రు!

"చెప్పానుగా నాన్నా" అన్నాడు మావాడు. ఇంకో తడికాగితం మరుగుదొడ్డి వెనక దొరికింది. నట్టులో రబ్బరు వాషరు కొయ్యబారింది. వాషరు మార్చాం. ఆ రాత్రంతా పంపు కిక్కురుమనలేదు.

లీకు ఆగగానే పని అయిపోదు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూసి, మెత్తబడిన నేలంతా కోసి తీసేశాం. నాలుగు రోజులు ఫాను పెట్టి ఆరబెట్టాకే కొత్త బల్ల వేశాం. బయటి కుళాయికి తగిలించేటప్పుడు వొత్తిడి తగ్గించే రెగ్యులేటరు పెట్టాం. చలికాలం రాకముందే నీళ్ళు వంచేసి, పైపుల్లో ట్రెయిలర్లకని అమ్మే గులాబిరంగు ద్రవం నింపాలని కోడలు కాలెండరులో రాసుకుంది. కార్లలో పోసేది మాత్రం వాడకూడదు, అది విషం.

అనుకున్న రోజుకే బయలుదేరాం. నయాగరా ముందు నిలబడి మనవడు చాలాసేపు చూశాడు. చివరికి నా చెయ్యి పట్టుకుని అడిగాడు:

"తాతయ్యా, దీనికి వాషరు దొరకదా?"