పాలపళ్ళ పుచ్చు

పాలపళ్ళ పుచ్చు అనగా ఆరు సంవత్సరాల లోపు పిల్లల పాలదంతాలకు వచ్చే దంతక్షయం. పుచ్చిన పంటిని వాడుకలో పిప్పిపన్ను అంటారు. ఇంటిలోని అలవాట్లతోనే చాలావరకు నివారించగలిగిన వ్యాధి ఇది. అయినను "ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా" అనే ఉపేక్ష వలన పిల్లలు నొప్పితో తిండికి, నిద్రకు దూరమైన తరువాత గాని పెద్దలు దీనిని గుర్తించరు.

పాలపళ్ళ అవసరం

మొదటి పాలపన్ను సాధారణంగా ఆరవ నెల ప్రాంతంలో వస్తుంది. మూడవ ఏడు నిండేసరికి మొత్తం 20 పళ్ళు ఏర్పడతాయి. వీటిలో ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడినను, దవడపళ్ళు 10 నుండి 12 ఏళ్ళ వరకు నిలవాలి. అవి ముందే పోతే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, రాబోయే శాశ్వత దంతాలకు చోటు చాలదు. పాలపంటి వేరుకు చీము పట్టినచో దాని కింద తయారవుతున్న శాశ్వత దంతం కూడా దెబ్బతినవచ్చును. ఇంకొక పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. ఆరవ ఏట, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళ వెనుక మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. దీనిని కూడా పాలపన్నే అనుకొని చాలామంది పట్టించుకోరు.

కారణాలు

పంటిని పురుగు తొలుస్తుందని మన పల్లెలలో నమ్మకం. వాకుడు గింజల పొగ పట్టించి పురుగును రాల్చే నాటువైద్యం ఇందులోనుండి పుట్టినదే. ఈ నమ్మకం మన దేశానికే పరిమితం కాదు. ఐరోపాలోనూ ఉన్న ఈ పంటిపురుగు వాదాన్ని ఫ్రెంచి దంతవైద్యుడు పియరీ ఫౌషార్ 1728లో తోసిపుచ్చాడు. 1890లో విల్లోబీ మిల్లర్ నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయనీ, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందనీ వివరించాడు. పాలపళ్ళపై ఉండే గట్టి పింగాణి పొర శాశ్వత దంతాల పొరకంటె పలుచన. కనుక వీటిలో పుచ్చు త్వరగా లోతుకు పోతుంది.

తీపి ఎంత తిన్నారనే దానికంటె ఎన్నిసార్లు తిన్నారనేది ముఖ్యం. తిన్న ప్రతిసారీ కొంతసేపు పన్ను కరుగుతుంది, తరువాత లాలాజలం ఆ నష్టాన్ని పూడుస్తుంది. మధ్యలో విరామం లేనిచో పూడిక జరగదు. చిత్తూరు బెల్లానికి పేరుపొందిన ప్రాంతం. చక్కెరకంటె బెల్లం మేలని తలచి పాలలో, రాగిజావలో దానినే ధారాళంగా కలుపుతారు. పంటి విషయంలో రెండింటికీ భేదం లేదు. ప్యాకెట్లలో అమ్మే మామిడిరసం, తేనె పూసిన పాలపీక కూడా అంతే. తిరుమల లడ్డూ ప్రసాదాన్ని పిల్లలకు పెట్టకుండా ఉండనవసరం లేదు. రోజంతా కొంచెం కొంచెంగా కాక, భోజనంతోపాటు ఒకేసారి పెట్టి నీళ్ళు తాగిస్తే చాలును.

అన్నిటికంటె హానికరమైనది రాత్రి పాలసీసా నోటిలో ఉంచి నిద్రపుచ్చడం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు పైపళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది ముందుపళ్ళకు నాలుక అడ్డుగా ఉంటుంది గనుక పుచ్చు మొదట పై ముందుపళ్ళకే వస్తుంది. రాత్రివేళ ఇచ్చే తీపి దగ్గుమందు తరువాత కూడా నోరు తుడవాలి.

తొలి గుర్తు

నెలకొకసారి పిల్లల పైపెదవిని ఎత్తి వెలుతురులో చూడాలి. చిగురు అంచున సున్నం రంగు తెల్లచార కనిపిస్తే అది పుచ్చుకు ఆరంభం. ఈ దశలో రంధ్రం ఉండదు. శుభ్రత, ఫ్లోరైడు పేస్టు, తీపి తగ్గింపులతో పన్ను తిరిగి గట్టిపడగలదు. చార గోధుమరంగుకు తిరిగి గుంట పడినచో ఇంటి వైద్యం పనిచేయదు.

ఇంటిలో సంరక్షణ

పన్ను రాకముందు చిగుళ్ళను తడిగుడ్డతో తుడవాలి. మొదటి పన్ను కనిపించినప్పటి నుండి మెత్తని చిన్న బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోమాలి. రాత్రి తోమిన తరువాత నీరు తప్ప మరేమీ ఇవ్వరాదు. శిశువు తలను ఒడిలో పెట్టుకొని పైనుండి చూస్తూ తోమితే వెనుకపళ్ళు కూడా అందుతాయి. ఏడెనిమిదేళ్ళ వరకు పెద్దలే తోమాలి, లేదా దగ్గరుండి తోమించాలి. వేపపుల్ల, కానుగపుల్ల పెద్దల అలవాటు. పసిపిల్లల చిగుళ్ళకు అవి గీసుకుంటాయి. బొగ్గుపొడి, ఇటుకపొడి పంటిని అరగదీస్తాయి.

ఏడాది నిండినప్పటి నుండి సీసా మాన్పించి గిన్నెతో తాగించడం మంచిది. పూర్వం ప్రతి ఇంటా ఉన్న ఉగ్గుగిన్నె ఈ విషయంలో సీసాకంటె ఎంతో మేలు.

ఫ్లోరైడు మరియు తాగునీరు

ఫ్లోరైడు పంటిని గట్టిపరుస్తుంది. అధికమైనచో రాబోయే శాశ్వత దంతాలపై మచ్చలు ఏర్పడతాయి. కనుక మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆపై ఆరేళ్ళ వరకు బఠాణీగింజంత పేస్టు మాత్రమే వాడి, మింగకుండా ఉమ్మించాలి. తిరుపతి నగరానికి కళ్యాణి డ్యాము, తెలుగుగంగ నీరు అందుతుంది. బోరునీటిపై ఆధారపడిన రాయలసీమ పల్లెలు కొన్నింటిలో ఫ్లోరైడు అధికం. లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీరు లేనిచో 1.5 వరకు అనుమతింపవచ్చుననీ భారత ప్రమాణం. అట్టి ఊళ్ళలో నీటిని పరీక్ష చేయించి, పేస్టు విషయం దంతవైద్యుని అడగాలి.

వైద్య సదుపాయం

మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి దంతవైద్యునికి చూపించాలని పిల్లల దంతవైద్యుల సూచన. తిరుపతిలో సి.కె.ఎస్. తేజ దంతవైద్య కళాశాల ఉంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో జరిపే ఆరోగ్య పరీక్షలలో పళ్ళ పుచ్చు కూడా చేరి ఉంది. చిన్న పుచ్చును మరింత పెరగకుండా ఆపడానికి సిల్వర్ డయమైన్ ఫ్లోరైడు అనే ద్రవాన్ని పూయవచ్చును. దీనికి మత్తుమందు, డ్రిల్లింగు అవసరం లేదు గాని, పుచ్చిన భాగం నల్లబడి అలాగే ఉండిపోతుంది.