చెక్క కాగితమయ్యేదెలా?

పాత నోటుపుస్తకంలోని కాగితాన్ని చింపి, చినిగిన అంచును భూతద్దంతో చూడండి. సన్నని నూగు కనిపిస్తుంది కదూ? అవే సెల్యులోజు పోగులు. చెక్కలో వీటిని లిగ్నిన్ అనే పదార్థం జిగురులా పట్టి ఉంచుతుంది. మిల్లులో చెక్క ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు ద్రావణంలో అధిక పీడనం వద్ద ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగి, పోగులు విడిపోతాయి. అదే గుజ్జు.

పైన్ పోగు పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. దాని కాగితం గట్టిది. జామాయిల్ పోగు సుమారు 1 మిల్లీమీటరే. దాని కాగితం నునుపైనది. వెదురు పోగు ఈ రెంటికీ నడుమ ఉంటుంది.

చిత్తు కాగితాలను నానబెట్టి చిలికినా గుజ్జు వస్తుంది. కాని ప్రతిసారీ పోగులు పొట్టివై, బిరుసెక్కి, పట్టు కోల్పోతాయి. అందుకే దానిలో కొత్త గుజ్జు కలపవలసి వస్తుంది. మరి కాగితానికి రెండో వైపు కూడా రాయడం మేలు కాదూ?