వరద రాకముందే వేసుకునే లెక్క

భద్రాచలం దగ్గర గోదావరికి మూడు అంకెలు కాపలా కాస్తాయి: 43, 48, 53. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండవది, 53 అయితే మూడవది. వానకాలంలో ఆ ఊళ్ళో ఏ కుర్రవాణ్ణి అడిగినా ఈ పూట నీరు ఎన్ని అడుగులున్నదో చెబుతాడు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చింది. ఆ తరవాత ఊరికి కరకట్ట కట్టారు. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది. అప్పుడు గోదావరి వంతెన మీద రాకపోకలు ఆపేశారు, వేలమందిని శిబిరాలకు తరలించారు.

ఈ మూడు అంకెలలో గొప్ప తెలివి ఉన్నది. ఏ అంకె దగ్గర ఏ పని మొదలుపెట్టాలో ముందే అనుకుని ఉంచుకోవచ్చు. నీళ్ళు గుమ్మంలోకి వచ్చాక, “ఏ బడిలో తలదాచుకుందాం? బియ్యం ఎవరు తెస్తారు? పడవ ఎక్కడున్నది?” అని ఆలోచిస్తూ కూర్చుంటే ఆ ఆలోచనతో సహా కొట్టుకుపోతాం.

ముంపు ఊళ్ళలో ఇల్లు విడిచి వెళ్ళేవాళ్ళు ట్రంకుపెట్టెలోని కాగితాల మూట మరిచిపోరు. పోడుభూమి పట్టా, రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకి పుస్తకం అందులో ఉంటాయి. ఆ కాగితాలు తడిస్తే? “ఫరవాలేదు, కంప్యూటర్లో ఉన్నాయిగా!” అంటారు పెద్దలు. నిజమే, ఈ రోజుల్లో చాలా కాగితాల నకళ్ళు కంప్యూటర్లలో ఉంటున్నాయి. మరి ఆ కంప్యూటరే తడిస్తే? లేక కాలిపోతే? దాని మూట ఎవరు కట్టాలి? ఎక్కడికి పంపాలి? దానికి ఎంత ఖర్చవుతుంది? పిల్లలూ, ఈ నెల మనం తెలుసుకోబోయేది అదే.

తడికల బడి

ఒక పొడుగాటి హాలు ఉన్నదనుకోండి. మధ్య మధ్య వెదురు తడికలు కట్టి అందులో పది తరగతులు నడపవచ్చు. ఏ తరగతి పాఠం దానిదే, ఏ తరగతి హాజరుపట్టీ దానిదే. కాని గోడలూ, కప్పూ అందరికీ ఒకటే.

పెద్ద కంప్యూటర్లను కూడా సరిగ్గా ఇలాగే వాడుతున్నారు. ఒక పెద్ద యంత్రంలో ప్రోగ్రాముల సాయంతో తడికలు కట్టి, పది చిన్న యంత్రాలు ఉన్నట్టుగా నడిపిస్తారు. వీటిని “వర్చువల్ మెషీన్లు” అంటారు. ఇది నిన్న పుట్టిన విద్య కాదు. ఐ.బి.ఎం. కంపెనీ 1972లోనే ఇలాంటి ఏర్పాటును అమ్మకానికి పెట్టింది.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఇనుప యంత్రాన్ని నకలు తీయలేము. కాని వర్చువల్ మెషీను అంతా కలిపి ఒక పెద్ద ఫైలు వంటిది. ఫైలును నకలు తీసి మరొక ఊరికి పంపవచ్చు. అక్కడి పెద్ద కంప్యూటరులో దాన్ని తెరిస్తే, ఆగిపోయిన యంత్రం మళ్ళీ లేచి కూర్చుంటుంది!

ఆ “మరొక ఊరు” ఎక్కడ? దాన్నే “క్లౌడ్” అంటున్నారు. క్లౌడ్ అంటే మబ్బు. కాని పేరుకే మబ్బు, ఆకాశంలో ఏమీ లేదు. అవి నేలమీద కట్టిన పెద్ద పెద్ద భవనాలు. వాటినిండా కంప్యూటర్లు ఉంటాయి. వాడుకున్నంతసేపు అద్దె ఇస్తే చాలు. మైక్రోసాఫ్ట్ 2015లో పుణే, చెన్నై, ముంబై నగరాలలో ఇలాంటి కేంద్రాలు తెరిచింది. అమెజాన్ 2016లో ముంబైలోనూ, 2022లో హైదరాబాదులోనూ తెరిచింది. గూగుల్ 2017లో ముంబైలోనూ, 2021లో ఢిల్లీలోనూ తెరిచింది.

నకలు లేకపోతే ఏమవుతుంది?

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని తేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటర్ల భవనంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ఆరువందలకు పైగా ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి. అన్నిటికంటె పెద్ద నష్టం, ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే “జి డ్రైవ్” అనే భాండాగారం బూడిద కావడం. అందులో 858 టెరాబైట్ల సమాచారం ఉండేది. ఒక టెరాబైటు అంటే సుమారు వెయ్యి గిగాబైట్లు. అంత పెద్దదానికి బయట నకలు పెట్టడం కష్టమని పెట్టలేదు. దాంతో ఏళ్ళ తరబడి రాసుకున్నవి ఒక్కరోజులో పోయాయి.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ క్లౌడ్ భవనం ఒకటి పూర్తిగా తగలబడింది. మరొకచోట నకలు ఉంచుకున్నవారు బతికిపోయారు. “క్లౌడ్‌లో ఉన్నదిగా, భయమేమిటి?” అని ఊరుకున్నవారిలో చాలామంది నష్టపోయారు.

కాబట్టి నకలు ఉండాలి, అదీ దూరంగా ఉండాలి. ఎంత దూరం? భద్రాచలం నకలును గోదావరికి ఆవలిగట్టున బూర్గంపాడులో పెడితే లాభం లేదు. ఒకే వరద రెంటినీ ముంచుతుంది. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం ఖమ్మంలోనే కాదు, హైదరాబాదులో కూడా తెలిసింది. అందుకే అసలు హైదరాబాదులో ఉంటే నకలు ముంబైలోనో, చెన్నైలోనో ఉంచటం మేలు. ఒకే ఆపద రెండుచోట్లకూ అందకూడదు. అదే దూరానికి కొలత.

రెండు ప్రశ్నలు

ఖర్చు లెక్క వేసేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: “ఎంత పోయినా తట్టుకోగలం?” రోజూ రాత్రి తొమ్మిదికి నకలు తీస్తున్నారనుకోండి. మరునాడు సాయంత్రం ఆపద వస్తే ఆ పగలు రాసినదంతా పోతుంది. బడి హాజరుపట్టీ అయితే మళ్ళీ రాసుకోవచ్చు. బ్యాంకి లెక్క అయితే ఒక్క నిమిషం పోయినా గొడవే. ఈ కొలతను ఆర్.పి.ఓ. అంటారు.

రెండవది: “ఎంతసేపు ఆగగలం?” పాత పరీక్షల మార్కులు వారం తరవాత దొరికినా కొంప మునగదు. ఆసుపత్రిలో రోగి వివరాలు గంటలో కావాలి. దీన్ని ఆర్.టి.ఓ. అంటారు. ఆ పేరు వినగానే లారీలను ఆపి కాగితాలడిగే ఆఫీసు గుర్తుకొస్తే తప్పు మీది కాదు! రెండూ వేరు.

తక్కువ పోవాలి, త్వరగా లేవాలి అంటే ఖర్చు పెరుగుతుంది. ఎక్కువ ఓర్చుకోగలిగితే తగ్గుతుంది. ఇదే ఈ లెక్కకు మూలసూత్రం.

వరద శిబిరంతో పోల్చి చూడండి. కాగితాల మూట మాత్రమే ముందుగా పంపి, మనుషులు తరవాత వెళ్ళటం ఒక పద్ధతి. శిబిరంలో బియ్యం, కట్టెలు, పొయ్యి సిద్ధంగా ఉంచి, అవసరమైనప్పుడు వెలిగించటం రెండవది. ఒక పొయ్యి ఎప్పుడూ వెలుగుతూ, నలుగురికి వండుతూ ఉండటం మూడవది. రెండు ఊళ్ళలో రెండు ఇళ్ళు పెట్టుకుని రెండుచోట్లా కాపురం చేయటం నాలుగవది. నాలుగవ దానిలో నిశ్చింత ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.

ఇక లెక్కలోకి వద్దాం

ఒక ఆఫీసుకు పది వర్చువల్ మెషీన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 200 గిగాబైట్లు. మొత్తం 2,000 గిగాబైట్లు. ధరలు మాత్రం లెక్క సులువుగా ఉండటానికి నేను వేసుకున్నవి. అసలు ధరలు కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి.

1. నకలు దాచే అద్దె. గిగాబైటుకు నెలకు 4 రూపాయలు అనుకుంటే 2,000 × 4 = 8,000 రూపాయలు.

2. మార్పులు. రోజూ మొత్తం మారదు. నూటికి రెండు వంతులు మారుతుందనుకుంటే రోజుకు 40 గిగాబైట్లు. పదిహేను రోజుల మార్పులు దాచుకుంటే 600 గిగాబైట్లు. దాని అద్దె 2,400 రూపాయలు.

3. రవాణా కూలి. నెలకు 40 × 30 = 1,200 గిగాబైట్లు ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి వెళ్ళాలి. గిగాబైటుకు 2 రూపాయల చొప్పున 2,400 రూపాయలు.

ఈ మూడూ కలిపితే నెలకు 12,800, ఏడాదికి 1,53,600 రూపాయలు. ఇది “మూట మాత్రమే” పద్ధతి.

పది యంత్రాలూ రెండవచోట ఎప్పుడూ నడుస్తూ ఉండాలంటే? ఒక యంత్రానికి గంటకు 10 రూపాయలు, నెలకు 730 గంటలు. 10 × 10 × 730 = 73,000. మూటతో కలిపి నెలకు 85,800, ఏడాదికి 10,29,600 రూపాయలు!

ఇక్కడే ఆ రెండు ప్రశ్నలు అక్కరకు వస్తాయి. పదింటిలో వెంటనే కావలసినవి రెండే అని తేలిందనుకోండి. ఆ రెంటినే నడుపుతూ ఉంచుదాం: 2 × 10 × 730 = 14,600. మూటతో కలిపి నెలకు 27,400, ఏడాదికి 3,28,800 రూపాయలు. మిగిలిన ఎనిమిదీ ఆపద వచ్చినప్పుడే లేస్తాయి. పది లక్షలు కావాలన్న పని మూడున్నర లక్షల లోపు తెమిలింది.

చాలామంది ఇంతటితో లెక్క ముగించి సంతకం పెడతారు. అది తొందరపాటు. ఆపద వచ్చిన రోజు ఖర్చు కూడా వేసుకోవాలి. ఎనిమిది యంత్రాలు పది రోజులు నడవాలంటే 8 × 240 × 10 = 19,200. వరద తీశాక ఇంటికి తిరిగి వెళ్ళవద్దూ? సమాచారాన్ని క్లౌడ్ నుంచి వెనక్కి తెచ్చుకోవటానికి కూడా కూలి అడుగుతారు. గిగాబైటుకు 8 రూపాయలైతే 2,000 × 8 = 16,000. రెండూ కలిపి 35,200 రూపాయలు విడిగా ఉంచుకోవాలి. ప్రోగ్రాముల లైసెన్సులు, పనివారి జీతాలు, ఏటేటా పెరిగే సమాచారం వీటికి అదనం.

దారి ఎంత వెడల్పు?

డబ్బు ఉంటే చాలదు, దారి కూడా ఉండాలి. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్ళలో సిగ్నలు కోసం చెట్టెక్కే పిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. అడవి అంచున ఉన్న ఆఫీసు తీగలో సెకనుకు 10 మెగాబిట్లు పోతాయనుకోండి. 40 గిగాబైట్లంటే 3,20,000 మెగాబిట్లు. అవి వెళ్ళటానికి 32,000 సెకన్లు, అంటే దాదాపు తొమ్మిది గంటలు కావాలి. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లవారి ఆరుకు పూర్తవుతుంది. బాగానే ఉన్నది.

కాని మొదటిసారి మొత్తం 2,000 గిగాబైట్లూ పంపాలి. అందుకు యాభై రెట్లు కాలం పడుతుంది. రాత్రీ పగలూ ఆగకుండా పంపినా పద్దెనిమిదిన్నర రోజులు! ఎగువన పేరూరు దగ్గర నీరు పెరిగిందని కబురు వచ్చాక భద్రాచలానికి మిగిలేది గంటలే. అందుకే మొదటి నకలు ఎండాకాలంలోనే వెళ్ళిపోవాలి.

చేసి చూడాలి

నకలు ఉన్నది, డబ్బు ఉన్నది, దారి ఉన్నది. అయినా యంత్రం లేవకపోవచ్చు. ఎవరు లేపాలి, ఏది ముందు లేపాలి అన్నది అలవాటు కావాలి. ముందు దారులూ పేర్లూ చెప్పే యంత్రం లేవాలి, తరవాత రికార్డులున్న యంత్రం, ఆ తరవాత జనం చూసే యంత్రం. పొయ్యి వెలగకముందే విస్తళ్ళు వేస్తే ఏం లాభం?

కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా ఉత్తుత్తి ఆపద పెట్టి చూడాలి. మన లెక్క ప్రకారం ఎనిమిది యంత్రాలను ఎనిమిది గంటలు నడిపితే 8 × 8 × 10 = 640 రూపాయలు. రెండుసార్లకు 1,280. మొత్తం పద్దులో ఇంత చవకైనది మరొకటి లేదు. ఖర్చు తగ్గించమన్నప్పుడు ముందుగా కొట్టివేసేదీ ఇదే! ఎవరెవరికి ఫోను చెయ్యాలో ఆ పట్టిక మాత్రం కాగితం మీద రాసి గోడకు పెట్టండి. కంప్యూటరు లేపే ఉపాయం ఆ కంప్యూటరులోనే దాచుకుంటే, తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే.

మీరు చెయ్యవలసిన పని

ఇంట్లో ట్రంకుపెట్టె తెరిపించి, అమ్మా నాన్నలతో కూర్చుని కాగితాల పట్టిక రాయండి. ప్రతిదానికీ ఎదురుగా రెండు గడులు గీయండి: “పోతే ఏమవుతుంది?”, “ఎన్నాళ్ళు ఆగగలం?” వెంటనే కావలసిన వాటిని వేరే ఊళ్ళో ఉన్న బాబాయి దగ్గరో, అత్తయ్య దగ్గరో నకలు ఉంచండి. ఆ బంధువుల ఊరూ గోదావరి గట్టునే ఉన్నదేమో ముందు చూసుకోండి!

లెక్కలంటే ఇష్టమున్నవారికి మరొకటి: పైన చెప్పిన ఆఫీసులో వెంటనే కావలసినవి రెండు కాక మూడు యంత్రాలైతే ఏడాది ఖర్చు ఎంత పెరుగుతుంది? పలక తీసుకుని చేసి చూడండి.