పొరపాటున ట్యాబ్ క్లోజ్ అయిందా? కంగారొద్దు.. ఈ మూడు కీలు నొక్కితే చాలు!

దరఖాస్తుకు ఇవాళే ఆఖరు తేదీ. ఒక ట్యాబ్‌లో నోటిఫికేషన్, ఇంకో దాంట్లో ఫీజు వివరాలు, మరో దాంట్లో సగం నింపిన ఫామ్. అక్కర్లేని ట్యాబ్ ఒక్కటి మూసేద్దామని క్లిక్ చేస్తే విండో మొత్తం మాయం! కంప్యూటర్ వాడేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే ఇది. అయితే మూసేసిన ట్యాబ్‌ల వివరాలను బ్రౌజర్ కొంతకాలం గుర్తుపెట్టుకుంటుంది. వాటిని వెనక్కి రప్పించడం క్షణాల్లో పని.

కీబోర్డుపై కంట్రోల్, షిఫ్ట్, టి.. ఈ మూడూ కలిపి నొక్కాలి. చివరగా మూసిన ట్యాబ్ తిరిగి తెరుచుకుంటుంది. మళ్లీ నొక్కితే దానికంటే ముందుది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్.. మూడింట్లోనూ ఇదే షార్ట్‌కట్. మ్యాక్‌లో అయితే కంట్రోల్ బదులు కమాండ్ కీ.

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. ముందు పెద్ద విండో మూసి, తర్వాత చిన్న పాపప్ మూశారనుకోండి. షార్ట్‌కట్ నొక్కగానే ముందు పాపప్పే వస్తుంది. 'అయ్యో, మిగతావన్నీ పోయాయి' అనుకుని అక్కడే ఆగిపోతారు. ఇంకోసారి నొక్కితే పెద్ద విండో కూడా ట్యాబ్‌లతో సహా వచ్చేస్తుంది.

కీలు గుర్తుండవు అనుకునేవారు క్రోమ్‌లో కుడివైపు పైన ఉండే మూడు చుక్కల మెనూలోకి వెళ్లి, హిస్టరీపై మౌస్ ఉంచితే ఇటీవల మూసినవన్నీ కనిపిస్తాయి. అయితే బ్రౌజింగ్ హిస్టరీ క్లియర్ చేస్తే ఈ జాబితా కూడా పోతుంది. ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచినవి అయితే అసలు తిరిగి రావు. దాని పద్ధతే అంత.

మరి సగం నింపిన ఫామ్ సంగతేంటి? పేజీ తిరిగొచ్చినా అందులో టైప్ చేసినవి ఉంటాయన్న గ్యారంటీ లేదు. అప్లికేషన్‌లో సేవ్ బటన్ ఉంటే మధ్యమధ్యలో నొక్కుతూ ఉండటం మంచిది. ఫీజు కడుతుండగా ట్యాబ్ పోతే మాత్రం తొందరపడి మళ్లీ కట్టొద్దు. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిందా, సైట్‌లో పేమెంట్ స్టేటస్ ఏం చూపిస్తోంది అన్నది ముందు చూసుకోవాలి. లేదంటే డబ్బులు రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉంది.

రోజూ అవే సైట్లు వాడేవారికి ఇంకో సౌకర్యం ఉంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో 'ఆన్ స్టార్టప్' దగ్గర 'కంటిన్యూ వేర్ యూ లెఫ్ట్ ఆఫ్' ఎంచుకుంటే, బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ పాత ట్యాబ్‌లే ప్రత్యక్షమవుతాయి. ఇంటర్నెట్ సెంటర్లలో, ఆఫీసు సిస్టమ్‌లలో మాత్రం ఇది ఆన్ చేయకపోవడమే మేలు. తర్వాత కూర్చున్నవారికి మీ ట్యాబ్‌లన్నీ కనిపిస్తాయి మరి!

ఫోన్‌లోనూ ఈ వీలుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మూడు చుక్కల మెనూలోని 'రీసెంట్ ట్యాబ్స్' చూడాలి. ఐఫోన్ సఫారీలో ట్యాబ్‌ల గుర్తు నొక్కి, ప్లస్ గుర్తుపై కాసేపు వేలు అదిమి ఉంచితే ఇటీవల మూసిన పేజీల జాబితా వస్తుంది.